అడుగున నంబరు గల మా తెప్ప గురించి

రేవు కార్యాలయపు ప్రధాన అధికారి వారి సముఖమునకు,

సముద్రపు నాచు పెంచు మహిళల సంఘం తరఫున, సదరు సంఘంలో సభ్యత్వం లేనివాడును, సంఘాధ్యక్షురాలి భర్తయును, పడవలకు రంగులు వేయు వృత్తి గలవాడును అయిన ఒకడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ జెట్టీకి కట్టివేయబడి ఉన్న ఒక వెదురు తెప్పను, దానికి వేలాడుచున్న నాచుతో సహా, ఎల్లుండి సాయంత్రం లోపల విడుదల చేయుటను గురించి.

సూచికలు: (1) తమ కార్యాలయపు జప్తు నోటీసు. (2) దానికి మేమిచ్చిన జవాబు. (3) ఆ జవాబు చదివి తమ గుమాస్తా గారు నవ్విన నవ్వు (ఇది రాతపూర్వకంగా లేదు).

ముందుగా ఒక మనవి. ఈ అర్జీ వ్రాయవలసినది నిజానికి అధ్యక్షురాలు. ఆమె అక్షరాలు నా అక్షరాల కన్నా గుండ్రంగా ఉంటాయి. అయినను, తప్పు చేసినవాడే రాయాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించినందున నేను వంటింటి బల్ల ముందు కూర్చుని వ్రాయుచున్నాను. అధ్యక్షురాలు నా వెనుక నిలబడి, ఖాళీ తాళ్లు చిక్కు తీసుకుంటూ, ప్రతి వాక్యాన్నీ తనిఖీ చేయుచున్నారు. ఎక్కడైనా భాష కాస్త గట్టిగా ఉన్నట్లు తోచినచో అది ఆమెదనియు, వినయం మితిమీరినట్లు తోచినచో అది నాదనియు గ్రహించగలరు.

మా కష్టములు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. మా సంఘంలో ఆరుగురు స్త్రీలు కలరు. నాలుగేళ్ల క్రితం వరకు వీరందరూ రొయ్యల షెడ్డులో తలలు తీసి పొట్టు ఒలిచే పని చేయుచుండిరి. ఇప్పుడు వెదురు తెప్పలు కట్టి, వాటికి తాళ్లు బిగించి, తాళ్లకు జానెడు జానెడు దూరంలో నాచు ముక్కలు కట్టి, సముద్రంలో దించి పెంచుచున్నారు. నలభై ఐదు రోజులకు కోత. కోసినది ఎండబెట్టి కంపెనీ లారీకి ఎత్తుతారు. ఈ నాచు నుంచి తీసిన పదార్థం ఐస్‌క్రీములోను, టూత్‌పేస్టులోను, ఇంకా మాకు తెలియని అనేక వస్తువులలోను కలుపుదురట. తమరు ఈ ఉదయం పళ్లు తోముకొని ఉన్నచో మా సంఘంతో తమకు ఇదివరకే పరిచయం ఉన్నట్లే భావించుచున్నాము.

ఇందులో తమరు ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. ఈ నాచుకు గింజ విత్తనం ఉండదు. పెరిగిన మొక్కలోంచి లేత కొసలు తుంచి మళ్లీ తాడుకు కట్టాలి. అదే విత్తనం. పచ్చిగా, తడిగా, బతికి ఉండాలి. ఒక గంట ఎండలో పెడితే అయిపోయింది. బస్తాలో పోసి అటక మీద దాచుకునే వీలు లేదు. నీళ్లలో ఒక్క తెప్పయినా బతికి ఉంటే మాకు వ్యవసాయం ఉన్నట్లు, లేకపోతే లేనట్లు.

2. ఈ వేసవిలో నీళ్లు వేడెక్కాయి. చేయి పెడితే స్నానానికి కాచిన నీళ్లలాగే ఉన్నాయి. మా ఆరు తెప్పలలో ఐదింటి మీది నాచు కొసల నుంచి తెల్లబడి, మెత్తబడి, ముట్టుకుంటే ఊడిపోయింది. ఆరవ తెప్పను మాత్రం మా పిన్ని, అనగా సంఘంలో అందరికన్నా పెద్దామె, "ఎందుకైనా మంచిది, దీన్ని లోతు నీళ్లలో పెట్టండే" అని ముందే దూరంగా కట్టించింది. అది చక్కగా బతికింది. ఇప్పుడు తమ జెట్టీ దగ్గర ఉన్నది అదే. మాకు ఈ భూమి మీద, క్షమించాలి, ఈ నీటి మీద మిగిలిన విత్తనం మొత్తం అదే.

3. ఇక నా తప్పు సంగతి.

ఆరు నెలల క్రితం తమ కార్యాలయం వారు, సముద్రంలో తేలే ప్రతి తెప్పకూ నంబరు వేయవలెనని ఉత్తర్వు జారీ చేసి, మాకు రెండు వందల పదమూడు మొదలు రెండు వందల పద్దెనిమిది వరకు నంబర్లు దయచేసిరి. నేను ముప్పై ఏళ్లుగా పడవలకు పేర్లు రాస్తున్నవాడిని. ఇంట్లోనే పని, అందులోనూ భార్య అడిగిన పని. కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. పసుపు రంగు మూడు పూతలు వేసి, నల్ల నీడ తీర్చి, ఒక్కొక్క అంకెను పక్కపక్కన బిగించిన వెదుళ్ల మీద మూరెడంత రాశాను. తీరంలో చూసిన ప్రతివాడూ మెచ్చుకున్నాడు. మా వదిన కూడా మెచ్చుకుంది. ఆమె సంఘం కోశాధికారి, స్వభావరీత్యా ఎవరినీ మెచ్చుకోదు.

అయితే తెప్పను ఒడ్డున కట్టేటప్పుడు బోర్లా కడతారు. చేపలు వచ్చి నాచు కొరకకుండా అడుగున వల బిగించాలి కదా, అందుకని అడుగుభాగం పైకి ఉంటుంది. అన్నీ బిగించాక ఆరుగురూ కలిసి దాన్ని తిరగేసి నీళ్లలోకి తోస్తారు. నేను రంగు వేసింది బోర్లా ఉన్న తెప్పకు. వాళ్ల ధ్యాస వల మీద, నా ధ్యాస రంగు ఆరిందా లేదా అన్నదాని మీద. ఆరుగురు ఆడవాళ్లు "హైలెస్సా" అంటూ నా అంకెలను నా కళ్ల ముందే తిరగేసి సముద్రంలోకి తోస్తుంటే, నేను ఒడ్డున నిలబడి చేతులు తుడుచుకుంటూ ఆనందించాను.

వారం తరువాత పిన్ని ఒడ్డున కూర్చుని కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, "ఏరా అబ్బాయ్, అంత బాగా రాశావు, నీ అంకెలు ఏవిరా?" అని అడిగింది. అప్పుడు అందరం సముద్రం వైపు చూశాము. తరువాత అందరూ నా వైపు చూశారు.

అప్పటికే తాళ్లకు నాచు కట్టేశారు గనుక, కోత అయ్యాక సరిచేద్దామనుకున్నాము. ఒక కోత అయ్యాక ఇంకో కోత తొందర. తప్పు మాదే. ఈ ఆరు నెలలూ తమరి ఉత్తర్వును చేపలు తప్ప ఇంకెవరూ చదవలేదు.

4. పదకొండు రోజుల క్రితం వీచిన గాలికి సదరు ఆరవ తెప్ప లంగరు తాడు తెగి, తెప్ప కొట్టుకుపోయి, పడవలు వచ్చిపోయే దారిలో అడ్డంగా నిలిచినది. తమ కార్యాలయపు బోటు దానిని లాగి తెచ్చి జెట్టీకి కట్టి, "యజమాని తెలియని తేలియాడు వస్తువు" అని నమోదు చేసినది. దారిలో అడ్డు పడినందుకు మేము క్షమాపణ చెప్పుకొనుచున్నాము. లాగి తెచ్చినవారు ఒక్క తాడు కూడా తెగకుండా తెచ్చినందుకు ఆడవాళ్లు ఆ బోటువాళ్లను రోజూ తలుచుకుంటున్నారు. ఇది అతిశయోక్తి కాదు.

5. తెప్ప కోసం నేనూ, అధ్యక్షురాలూ తమ కార్యాలయానికి వెళ్లాము. తమ గుమాస్తా గారు మంచివారు, మాకు కుర్చీలు వేయించి మంచినీళ్లు ఇప్పించారు. అనంతరం జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు మనవి చేయుచున్నాను.

"తెప్ప మీదేనా?" అని ఆయన అడిగారు.

"మాదేనండి," అంది నా భార్య.

"నంబరేది?"

"అడుగున ఉందండి."

"అడుగున ఎవరైనా రాస్తారా అమ్మా?"

నా భార్య నా వైపు చూసింది. నేను పైనున్న ఫ్యాను వైపు చూశాను. "రాశారండి," అంది ఆమె.

"సరే, తిరగేసి చూపించండి."

"తిరగేస్తే నాచు మొత్తం పైకొచ్చి ఎండకు పోతుందండి. బరువుకు తాళ్లు కూడా తెగుతాయి."

"అయితే క్రేనుతో కొంచెం పైకి లేపి చూడాలి. క్రేనుకు తెప్ప యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి."

"ఇప్పుడే పెట్టుకుంటామండి."

"యజమాని మీరేనని రుజువు కావాలి మరి."

"ఏం రుజువు తెమ్మంటారు?"

"నంబరు," అన్నారాయన. అని, తానన్నది తానే విని, కాసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నారు.

మీ ఆఫీసులో ఈతగాడు ఉంటాడట కదా, ఆయన్ని దింపి చూపించమని అడిగాము. ఈతగాడికి మోకాళ్ల నొప్పులు వచ్చినందున రికార్డుల గదికి మార్చారట. "పోనీ మీరే ఒకసారి దిగి చూడండి బాబూ, పోటు లేనప్పుడు నడుం లోతే," అంది నా భార్య. ఆయన తన ప్యాంటు వైపు చూసుకుని, అది తమ విధులలో లేదని సెలవిచ్చారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

6. నంబరును ఫోటో తీసి తెస్తే పరిశీలిస్తామన్నారు. మా వదిన తన ఫోనును రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, తాడు కట్టి, జెట్టీ గోడ మీంచి బావిలోకి బకెట్టు దించినట్టు దించింది. నలభై ఫోటోలు వచ్చాయి. ముప్పై తొమ్మిదింట్లో నీళ్లే ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం ఒక చేప చాలా స్పష్టంగా పడింది. దాని వెనుక పసుపు రంగు అంకె ఒకటి సగం కనిపిస్తున్నది. గుమాస్తా గారు ఫోనును దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"చేప బాగుంది," అన్నారు.

"చేప వెనకాల చూడండి," అంది వదిన.

"ఇది మూడో ఎనిమిదో ఎలా చెప్పను?"

"ఏదైతే ఏమండీ? రెండు వందల పదమూడూ మాదే, పద్దెనిమిదీ మాదే."

"ఏ తెప్పో తేలకుండా ఎలా వదలమంటారమ్మా?"

ఆ చేప ఒక్క అంగుళం పక్కకు జరిగి ఉంటే ఈ అర్జీ వ్రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

7. నంబరు కాక వేరే రుజువు ఉన్నదా అని తమరు అడగవచ్చును. ఉన్నది. ఆ తెప్పకు ఇరవై తాళ్లు. ప్రతి తాడుకూ ఇరవై గుత్తులు. ఒక్కొక్క గుత్తినీ ఒక్కొక్కరు కట్టారు. ఎవరి ముడి వారిది. పిన్ని రెండు చుట్లు తిప్పి లోపలికి దోపుతుంది. వదిన ముడి విప్పాలంటే కత్తి కావాలి. నా భార్య ముడి ఒక కొస లాగితే ఊడి వస్తుంది గాని, సముద్రం మూడు నెలలు లాగినా ఊడదు. ఆరుగురినీ పిలిపించి, తాళ్లు చేతికిచ్చి, తమరి ఎదుటే ముళ్లు వేయించి, జెట్టీ కింద ఉన్న ముళ్లతో పోల్చి చూసుకోవచ్చును. గుమాస్తా గారికి ఇదే చెప్పాము. ముడి సంతకంగా చెల్లుతుందని ఏ నిబంధనలోనూ లేదన్నారు. చెల్లదని ఉందా అని వదిన అడిగింది. అదీ లేదన్నారు.

8. ఇది కష్టము కాదు, గడువు. ఈ రోజుతో నాచుకు నలభై మూడు రోజులు. నలభై ఐదు నిండితే కొమ్మలు బరువెక్కి, చిన్న అల కొట్టినా తెగిపోతాయి. పైగా జెట్టీ దగ్గర నీళ్లు కదలవు. మురికి వచ్చి మొక్కల మీద కూర్చుంటుంది. రోజూ తాళ్లు పట్టి ఊపి కడగాలి. జప్తులో ఉన్నది గనుక ముట్టుకోకూడదన్నారు. అందుచేత నా భార్య రోజూ పొద్దున్నే వెళ్లి జెట్టీ గోడ మీద నిలబడి, మురికి పడుతున్న నాచును చూసి వస్తోంది. ఇంటికొచ్చాక ఏమీ మాట్లాడదు. తిట్టినా బాగుండును. ఆమె నన్ను తిట్టకుండా ఉన్నది పెళ్లయిన తరువాత ఈ పదకొండు రోజులే.

9. ఇది వ్రాయవద్దని అధ్యక్షురాలు ఇప్పుడే ఆజ్ఞాపించారు. అయినను వ్రాయుచున్నాను.

రొయ్యల షెడ్డులో పొద్దుటి నుంచి పొద్దుగూకే వరకు చేతులు ఐసులో ఉంటాయి. వేళ్ల కొసలు పగులుతాయి. ఆ పగుళ్లలోకి ఉప్పునీళ్లు పోతాయి. తొమ్మిదేళ్లు ఆమె ఆ పని చేసింది. చివరి రెండేళ్లూ వేళ్లు వంగక, తన జడ తాను వేసుకోలేకపోయింది. నేనే వేసేవాడిని. పడవకు పేరు రాసేవాడికి జడ ఏం చేతనవుతుంది? వంకరటింకరగా వేస్తే అలాగే పనికి పోయేది. దారిలో ఎవరైనా నవ్వితే "మా పెయింటరు వేశాడు" అని చెప్పేదట.

నాచు పనికి వచ్చిన ఏడాదికి వేళ్లు బాగుపడ్డాయి. ఒక రోజు నేను దువ్వెన పట్టుకుని వెళ్లేసరికి ఆమె జడ వేసుకుని తయారుగా ఉంది. అయ్యా, నాకు ఆ రోజు కాస్త దిగులు వేసింది, ఉన్న మాట చెప్పాలి కదా. కాని ఆ దిగులే నాకు చాలా ఇష్టం. మళ్లీ దువ్వెన నా చేతికి రావద్దని కోరుకుంటున్నాను.

విత్తనం పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు కదా అని గుమాస్తా గారన్నారు. కంపెనీవాళ్లను అడిగాము. ఎండకు అన్ని చోట్లా పోయిందట, వచ్చే ఏడాది చూద్దామన్నారు. షెడ్డు మేస్త్రీ మాత్రం నిన్న మా వీధిలోకి వచ్చి, ఆరుగురికీ చోటు ఉంచానని చెప్పి పోయాడు. పాపం, మంచి మాటగానే చెప్పాడు. ఆరుగురిలో ఒక్కరూ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

కావున మా ప్రార్థన ఏమనగా:

(అ) సదరు తెప్పను ఎల్లుండి సాయంత్రం లోపల మాకు అప్పగించవలెను.

(ఆ) అది వీలు కానిచో, తాళ్లు ఊపి కడుక్కొనుటకైనా అనుమతి ఇవ్వవలెను.

(ఇ) నంబరు వేయుటలో జరిగిన పొరపాటుకు సంఘానికి ఏ సంబంధమూ లేదని, అది పూర్తిగా పెయింటరుదేనని నమోదు చేయవలెను. (ఈ అంశం అధ్యక్షురాలు చెప్పి వ్రాయించినది.)

(ఈ) ఇకమీదట మా తెప్పలన్నిటికీ పైన, కింద, నాలుగు పక్కలా నంబర్లు వేయగలవాడనని ప్రమాణం చేయుచున్నాను. తమ కార్యాలయపు బోటు మీద పేరు వెలిసిపోయి ఉన్నది. దానిని కూడా ఉచితంగా రాసిపెట్టగలను. ఇది లంచం కాదు, చూడలేకపోతున్నాను.

పని ఒత్తిడిలో ఉన్న తమరు ఇంత పొడుగు అర్జీని ఓపికగా చిత్తగించవలెనని, చిత్తగించి జెట్టీ గోడ దాకా ఒకసారి నడిచి వచ్చి కిందికి చూడవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
పడవల పెయింటరు
(సంఘాధ్యక్షురాలి భర్త)

తా.క.: అయ్యా, పై అర్జీ నిన్న వ్రాసినది. ఈ ఉదయం తీసుకుని వస్తే, తమరు పై ఆఫీసుకు వెళ్లారని, నాలుగు రోజుల తరువాత గాని రారని తెలిసినది. గుమాస్తా గారు అర్జీ అందుకుని, స్టాంపు వేయబోయి, పూర్తిగా చదివి, స్టాంపు పక్కన పెట్టి, అర్జీని తిరిగి నా చేతికే ఇచ్చి, "మీ దగ్గర జప్తు నోటీసు ఉందా, మళ్లీ ఒకసారి చదువుకోండి" అని మాత్రం అన్నారు. ఆ తరువాత ఆయన భోజనానికి వెళ్లిపోయారు.

నోటీసును నా భార్య వీధిలోనే నిలబడి మూడుసార్లు చదివింది. తెప్పను కదిలించరాదు, తాళ్లు విప్పరాదు, ఇతరులకు అప్పగించరాదు అని ఉన్నది. "తుంచరాదని లేదు," అంది.

ఆ తరువాత జరిగినది దాచకుండా చెప్పుచున్నాను. పోటు తీసిన సమయంలో, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆరుగురూ నడుం లోతు నీళ్లలోకి దిగి, ఒక్క ముడి విప్పకుండా, ఒక్క తాడు కదపకుండా, ప్రతి గుత్తి నుంచీ లేత కొసలు తుంచి తడి గోనెసంచుల్లో వేసుకున్నారు. జెట్టీ కాపలాదారు గోడ మీద కూర్చునే ఉన్నాడు. "తెప్పను చూసుకోమన్నారు, చూస్తూనే ఉన్నాను," అన్నాడు. నేను సంచులు మోశాను. సాయంత్రానికి, నాచు పోయి ఖాళీగా ఉన్న మా తెప్పలలో రెండింటికి కట్టి లోతు నీళ్లలో దించాము. నేనూ ఒక పాతిక గుత్తులు కట్టాను. వాటిని నా భార్య విప్పి మళ్లీ కట్టింది, కడుతున్నంతసేపూ నన్ను తిట్టింది. పదకొండు రోజుల బాకీ మొత్తం తీర్చేసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇక ఈ అర్జీ ఎందుకని అడిగితే, "ఇచ్చి రావయ్యా, వెదురు ఊరికే వస్తుందా," అంది. కావున తెప్ప విషయంలో తమరి దయ. తొందరేమీ లేదు.

పైన జరిగినది నేరం కిందికి వచ్చునో రాదో మాకు తెలియదు. వచ్చునట్లయితే కేసు నా ఒక్కడి మీద పెట్టి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు నన్నే పిలిపించుకోగలరు. నా భార్యకు ఇవాళ్టి నుంచి నలభై ఐదు రోజుల దాకా తీరిక లేదు.